ఊఁ అన్నది ఉత్తరానికే

మా చెల్లెలు కడుపుతో ఉన్నప్పుడు, వారం వారం మెయిల్లో వచ్చే ఒక ఉత్తరానికి చందాదారుగా చేరింది. ఈ వారం బిడ్డ ఎంత పెరిగింది, ఏం తినాలి లాంటి కబుర్లు. మధ్యమధ్యలో ఉయ్యాలలు, డైపర్లు, కాన్పయ్యాక పొట్ట తగ్గించే బెల్టుల ప్రకటనలు. నాలుగో నెలలో గర్భం పోయింది. ఉత్తరాలు ఆగలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే పసిపిల్లల బట్టల మీద తగ్గింపు ధరలంటూ ఇంకొకటి వచ్చింది. వద్దని చెప్పాలంటే అడుగున చీమ తలకాయంత అక్షరాల్ని వెతుక్కోవాలి. అక్కడ నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. ఆపైన ఎందుకు వెళ్ళిపోతున్నారో కారణం చెప్పమంది. ఆ గళ్ళలో దేనిలో టిక్కు పెట్టాలి తను?

ఇది చెబితే చాలామంది "బ్లాక్ చేసుకోవచ్చుగా, ఇంత రాద్ధాంతమెందుకు?" అన్నారు. ఈ నీతి మనకి కొత్తదా? వీధి చివర వెకిలివాడుంటే నువ్వే దారి మార్చుకో అన్నారు. ఇక్కడా అంతే. చెత్త పోసేవాడు పోస్తూనే ఉంటాడు, ఎత్తిపోసే చాకిరీ మనది.

పోనీ, బ్లాక్ చేస్తే తీరేదా? ముక్కూమొహం తెలియనివాడు పంపినదైతే స్పామ్‌లోకి తోసేయొచ్చు. మనం కోరి తెప్పించుకునే ఉత్తరం కడుపులోనే ప్రకటన కూర్చుంటే, పంపినవారిని అడ్డుకోగానే ఉత్తరమూ పోతుంది. వ్యాసం కావాలంటే మొహం తెల్లబరిచే క్రీమునీ భరించాల్సిందే. బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా సెట్టింగుల్లో ఆపుకుంటే కొంత నయం. కంటికి ఆనని చుక్కంత బొమ్మ దాచి, మనం ఉత్తరం ఎప్పుడు తెరిచామో కనిపెట్టే పద్ధతికీ దాంతో అడ్డు పడుతుంది. అక్షరాల్లో కలిపేసిన ప్రకటన మాత్రం కదలదు. పెద్ద సంఖ్యలో మెయిళ్ళు పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో చందా వదులుకునే వీలు ఇవ్వాలని 2024లో జీమెయిల్, యాహూ షరతు పెట్టాయి. మంచిదే. కానీ ఆ నొక్కుతో ఆగేది ఉత్తరమంతా, అందులోని ప్రకటన ఒక్కటే కాదు.

అసలు గొడవ అంగీకారం గురించి. అమెరికా 2003లో తెచ్చిన కాన్-స్పామ్ చట్టం ముందుగా అనుమతి అడగమనలేదు, వద్దన్నాక ఆపితే చాలంది. వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే! ఒకదానికి ఊఁ అంటే అన్నిటికీ అన్నట్టే! పెళ్ళికి ఒప్పుకున్నావు కాబట్టి ఇక అడిగేదేముంది అనే మగ తర్కం ఇదే కదా. రెండు గాయాలూ సమానమని అనను. తర్కం మాత్రం ఒకటే. మన దేశంలో ట్రాయ్ ఆంక్షలు ఫోన్లకీ ఎస్సెమ్మెస్‌లకే గానీ మెయిళ్ళకి లేవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అంగీకారం ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలంది. ఆ ఒక్క వాక్యాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి.

"ఉచితంగా ఇస్తున్నాం, ప్రకటనలు లేకపోతే ఎలా?" అంటారు. అయితే ధర చెప్పండి, ఇవ్వగలిగినవాళ్ళం ఇస్తాం. అమెరికాలో 'మిస్' పత్రిక 1990లో ప్రకటనలు మానేసి పాఠకుల డబ్బు మీదే నడవడానికి సిద్ధపడింది. స్త్రీల పత్రికల్లో తమ సరుకుకి అనుకూలమైన రాతలు కూడా ఉండాలని ప్రకటనదారులు ఎలా పట్టుబట్టేవారో ఆ ఏడాదే గ్లోరియా స్టైనెమ్ బయటపెట్టింది. ప్రకటన పేజీ అంచున ఆగదు, రాతలోకే వస్తుంది.

మన చిన్న పత్రికలూ ఈ ప్రశ్న వేసుకోవాలి. చందాదారుల చిరునామాలు ఎవరో అడిగారని, తెలిసినవాళ్ళే కదా అని ఇచ్చేస్తున్నామా? ఆమె మనకిచ్చింది మన రాత చదవడానికి. ఇంకెవరికైనా ఇవ్వాలంటే మళ్ళీ ఆమెనే అడగాలి. ఆమె వద్దంటే, కారణం అడగకూడదు.