"బానిస" అన్న మాట ఎవరికి లాభం?

ఈ నెల రాసేది ఇంట్లో పైకి చదివి వినిపించే సంగతి కాదు. అయినా మన ఇళ్లలో ఫోను లేని చెయ్యి లేదు, రాయక తప్పదు. బూతు వీడియోల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాటి గురించి మనకు ఎవరు ఏం చెప్తున్నారు, అందులో వాళ్లకేం గిట్టుతుంది అన్నదాని గురించి.

తెలుగు పేపర్లలో నేరవార్తలు చూడండి. ఎక్కడో ఘోరం జరుగుతుంది. పట్టుబడినవాడి గురించి ఒక వాక్యం తరచూ కనబడుతుంది: "అశ్లీల వీడియోలకు బానిసై". మన మరాఠీ పేపర్లో అయితే "వ్యసనాధీన్". పోలీసులు వాడి ఫోను తెరుస్తారు, వీడియోలు దొరుకుతాయి, రాసేవాళ్లకు కారణం దొరికినట్టే. అవే వీడియోలు చూసి ఏ నేరమూ చెయ్యకుండా పొద్దున్నే పనికి పోయేవాళ్లు ఎంతమందో ఎవరూ అడగరు. తాగుడు జబ్బయితే డాక్టరు చూసి చెప్తాడు. ఇక్కడ చూసింది డాక్టరు కాదు, విలేఖరి.

ఆ ఒక్క మాట మా గల్లీలో ఏం చేసిందో చెప్తాను. మా వెనక చాళ్‌లో ఒక తల్లి ఉంది. భర్త టవల్ కార్ఖానాలో రాత్పాళీ, తను బీడీలు చేస్తుంది. ఐటీఐ చదివే పంతొమ్మిదేళ్ల కొడుకు ఫోనులో అవి చూస్తూ దొరికాడు. తిట్టింది, ఏడ్చింది. అంతవరకు ఏ తల్లయినా చేసేదే. ఆ వారమే ఫోనులో ఊరి పేపరు చదివింది. ఆ రాత్రి నుంచి చెల్లెల్ని వాడి పక్కన కూర్చోనివ్వలేదు. ఒకటే గది ఇల్లు. వాడి చాప తీసి బయట వరండాలో వేసింది. ఎందుకో చెప్పలేదు, వాడికి అర్థమైంది. అన్నం సరిగా తినడం మానేశాడు. "అక్కా, వీడు గూడ రేపు పేపర్ల పడ్తడేమో" అని నా దగ్గర కూర్చుంటే ఆమె చేతిలో ఆకు వణికింది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, బీడీ చుట్టేటప్పుడు ఆ చెయ్యి వణకడం నేనెరుగను.

అప్పటికే 4,800 రూపాయలు పోయినయ్. గోడ మీద నంబరుకు ఫోను చేస్తే, "ఇట్లనే వదిలేస్తే పెళ్లికి పనికిరాడు" అని బెదిరించి మూడు నెలల కోర్సు అంటగట్టారు. పొడి రెండు డబ్బాలు, లేహ్యం ఒకటి. మందుతో లైంగిక శక్తి పెంచుతామని ప్రకటన వెయ్యడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా రైలు పట్టాల పక్క గోడలు చూడండి. ఇప్పుడు గోడ నుంచి యూట్యూబుకు ఎక్కారు. ముందు భయం అమ్ముతారు, వెనకాలే డబ్బా.

మరి చదువుకున్న డాక్టర్లు ఏమంటున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 అని ఒకటుంది. 2019లో ఒప్పుకున్నారు, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన అనే జబ్బు చేర్చారు. కానీ తాగుడు, జూదం వరుసలో కాదు, కోరిక పుడితే ఆపుకోలేని జబ్బుల వరుసలో పెట్టారు. ఆరు నెలలో, అంతకంటే ఎక్కువో, ఒళ్లు, పని, ఇల్లు పాడవుతున్నా మనిషి తనను తాను ఆపుకోలేకపోతే అది జబ్బు. "నేను తప్పు చేస్తున్నా" అన్న బాధ ఒక్కటే ఉంటే చాలదని అందులోనే రాసి ఉంది. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం 2013లో కొత్తగా వచ్చినప్పుడు, ఇలాంటి జబ్బును చేర్చాలా అని చర్చించి చేర్చలేదు.

అక్కడే జాషువా గ్రబ్స్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు 2015లో ఒక సంగతి అచ్చువేశారు. "నాకిది వ్యసనమైపోయింది" అని మనిషి అనుకోవడానికి, ఎంత చూశాడన్న దానికంటే, అది పాపమని ఎంత గట్టిగా నమ్మాడన్నది ఎక్కువ కారణమట. మన పిల్లవాడి సంగతి నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

అయితే ఏమీ కాదన్నమాట, అనకండి. ఆ మాట అమ్మేవాడికి చాలా ఇష్టం. ఈ వ్యాపారంలో పెద్ద కంపెనీ ఒకటి కెనడాలో ఉంది. పేరు రాస్తే ఉచిత ప్రకటన, రాయను. ఏ దేశం ఎంత చూసిందని ఏడాది చివర తన లెక్కలు తనే విడుదల చేస్తుంది. మన పేపర్లు దాన్ని క్రికెట్ స్కోరులా వేస్తాయి. అమ్మేవాడి చిట్టా అది, తూకం వేసిందీ వాడే. అదే కంపెనీ 2020 డిసెంబరులో లక్షల కొద్దీ వీడియోలు తీసేసింది. అనుమతి లేకుండా ఎక్కించినవీ, పిల్లలవీ ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ రాసి, వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపులు ఆపేదాకా కదల్లేదు.

మన ప్రభుత్వం 2015లో 857 సైట్లు మూయమని ఆదేశం ఇచ్చి, గోల కాగానే కొద్ది రోజులకే వెనక్కి తగ్గింది. టీవీలో ఒకడు సంస్కృతి అన్నాడు, ఇంకొకడు స్వేచ్ఛ అన్నాడు. తెల్లారేదాకా ఫోను చూసి, నిద్ర లేని కళ్లతో సాంచా దగ్గర నిలబడేవాడు ఎవరి దగ్గరికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అట్లాంటివాళ్లు మనలో ఉన్నారు. పగారు తగ్గినా, పెళ్లాంతో మాట పోయినా ఆపుకోలేనివాళ్లు. వాళ్లకు తిట్టు కాదు, వైద్యం కావాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఫోను, ఇంటర్నెట్ వదల్లేని వాళ్ల కోసమే షట్ అనే క్లినిక్ నడుస్తోంది. అంత దూరం పోలేకపోతే 14416కు ఫోను చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ నంబరు, పైసా పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ తల్లీకొడుకుల్ని నేను సర్కారు దవాఖానకు తోలుకపోయాను. డాక్టరు పిల్లవాణ్ణి నిద్ర, చదువు, దోస్తుల గురించి అడిగాడు. పావుగంటలో అయిపోయింది. జబ్బేం లేదన్నాడు, రాత్రి ఫోను అమ్మ దగ్గర పెట్టమన్నాడు. తల్లితో మాత్రం ముప్పావుగంట కూర్చున్నాడు. చాప మళ్లీ లోపలికి రావడానికి ఇంకో ఎనిమిది రోజులు పట్టింది. వాడు ఇప్పుడు చూస్తున్నాడా లేదా నేనడగలేదు, ఆమె గూడ అడగడం లేదు. చెల్లెలికి లెక్కలు వాడే చెప్తున్నాడు. పొడి డబ్బాలు రెండూ ఇంకా అటక మీదే ఉన్నాయి. ఎన్ని బీడీలు చుడితే వచ్చిన పైసలో ఆమెకే తెలుసు, పారెయ్యబుద్ధి కాదట.