అయస్కాంతాన్ని అచ్చువేసే విద్య మన పిల్లల చేతికి అందుతుందా?

బొంగులూరు: బోరు మోటారు కాలిపోతే రైతు ముందు చూసేది ఎండుతున్న మడి, తరువాత రివైండింగు దుకాణం. మెకానిక్ మోటారు విప్పగానే రాగి తీగ చుట్టల వెనుక ఒకదానిపై ఒకటి పేర్చిన పల్చని ఇనుప రేకుల దొంతర కనబడుతుంది. కాలిన తీగను మారుస్తారు గాని సాధారణంగా ఆ రేకుల జోలికి పోరు. అయితే తీగలో కరెంటు పారినప్పుడు అయస్కాంతంగా మారి ఇరుసును తిప్పేది ఆ దొంతరే. దాన్ని తయారుచేసే పద్ధతిలో ఇప్పుడొక మార్పు వస్తున్నది. దానికి సంబంధించిన సంస్థలు మన జిల్లా పరిసరాల్లోనే వున్నందున ఈ సంగతి మనమూ తెలుసుకోవలసి వున్నది.

రేకులెందుకు?

ఇనుమును ముద్దగా వాడితే దాని లోపల కరెంటు సుడులు తిరిగి మోటారు వేడెక్కుతుంది, కరెంటు వృథా అవుతుంది. అందుకే రేకులుగా కోసి, మధ్య పూత వేసి పేరుస్తారు. ఇనుములో కొంత సిలికాన్ కలిపితే వృథా ఇంకా తగ్గుతుంది. మామూలు రేకులో సిలికాన్ సుమారు 3 శాతం. దాన్ని 6.5 శాతానికి పెంచితే మరింత మేలని శాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. కాని అంత సిలికాన్ కలిపిన లోహం రోలరు కింద అప్పడంలా విరిగిపోతుంది.

ఈ చిక్కుకు త్రీ డీ ప్రింటింగు ఒక దారి చూపుతున్నది. లోహాన్ని మెత్తని పొడిగా చేసి, వెంట్రుక మందం కన్నా పల్చగా పరిచి, కావలసిన చోట మాత్రమే లేజరు కిరణంతో కరిగిస్తారు. దానిపై మరో పొర, ఆపైన మరొకటి. గోడ వరుస వరుసగా లేచినట్లు వస్తువు లేస్తుంది. రోలరుతో పని లేదు. మిగిలిన పొడిని చాలావరకు మళ్లీ వాడుకోవచ్చు.

చైనా బిగించిన పిడికిలి

పైన చెప్పినది కరెంటు వున్నంతసేపే పనిచేసే అయస్కాంతం. రెండవ రకం శాశ్వత అయస్కాంతం. బ్యాటరీ స్కూటర్ల మోటార్లలో, గాలిమరల్లో, క్షిపణుల్లో వుండేది ఇదే. నియోడిమియం, సమేరియం వంటి రేర్ ఎర్త్ లోహాలతో దీన్ని చేస్తారు. ప్రపంచంలో తయారయ్యే ఈ అయస్కాంతాల్లో సుమారు 90 శాతం చైనావే. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రేర్ ఎర్త్ లోహాల, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు విధించింది. దానితో మన దేశంలోని వాహన పరిశ్రమ ఆందోళనలో పడింది.

ఖనిజం మనకు లేక కాదు. ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలోనే మోనజైటు వున్నది. కొరత వున్నది దాన్ని లోహంగా, అయస్కాంతంగా మార్చే కర్మాగారాలకు. విశాఖపట్నంలో దేశీయ పరిజ్ఞానంతో నెలకొల్పిన అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. 2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గం రూ. 7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలను దేశంలోనే తయారుచేసే సామర్థ్యం సాధించటం దాని లక్ష్యం.

ఆ పథకం ఉద్దేశించింది పొడిని అదిమి కాల్చే పాత పద్ధతి అయస్కాంతాలను. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ పరిశోధనశాల 2016లో అయస్కాంత పొడిని నైలానుతో కలిపి ప్రింటింగు ద్వారా అయస్కాంతం చేసి చూపింది. వృథా తగ్గింది గాని, అటువంటివి కాల్చి చేసిన వాటంత బలంగా వుండవు. పైగా ప్రింటింగు నిదానంగా సాగే పని, ఖర్చూ ఎక్కువ. ఇనుప భాగాన్ని ముద్దగా అచ్చువేస్తే మళ్లీ సుడి కరెంటు బెడద వస్తుంది కనుక లోపల సన్నని చీలికలు విడిచి పెట్టాలి. కనుక రేపే బోరు మోటారు ధర తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. ముందుగా ఇది పనికి వచ్చేది విమానాలు, ఉపగ్రహాల వంటి వాటిలో వాడే చిన్న, చిక్కు ఆకారపు భాగాలకే.

మన చుట్టూ వున్నది

ఇటువంటి పనికి కావలసిన సంస్థలు బొంగులూరుకు దగ్గరలోనే వున్నాయి. కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనశాల, 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగం వున్నాయి. బాలాపూర్‌లో లోహపు పొడి విద్యకే ప్రత్యేకించిన ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థ వున్నది. ఇక ఆదిభట్లలో విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. పరిశోధన చేసేవారు, మిశ్రలోహం పోసేవారు, విమాన భాగాలు చేసేవారు ఇంత దగ్గరగా వుండటం అరుదు.

అయితే ఇందులో మన గ్రామాల వంతు ఏమిటి? పరిశ్రమలకు, రోడ్లకు భూములు వదులుకున్న ప్రాంతమిది. ఆ కుటుంబాల పిల్లలకు కాపలా పని, డ్రైవరు పని మాత్రమే మిగలరాదు. ప్రింటింగు యంత్రానికి డాక్టరేటు చదివినవారే అక్కరలేదు. పొడిని జల్లెడ పట్టడం, యంత్రాన్ని సిద్ధం చేయడం, తయారైన భాగాన్ని పలక నుంచి కోయడం, నునుపు చేయడం, కొలతలు సరిచూడటం వంటివి ఐ.టి.ఐ. చదివినవారు నేర్వగల పనులు. మెత్తని లోహపు పొడి నిప్పంటుకుంటుంది, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కనుక జాగ్రత్తలు తెలిసిన పనివారే కావాలి, అది శిక్షణ లేకుండా రాదు.

ఇబ్రహీంపట్నం ప్రాంతపు ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులకు ఈ సంస్థల్లో ఏటా కొన్ని అప్రెంటిస్ స్థానాలు కేటాయించేలా ప్రజాప్రతినిధులు, జిల్లా అధికారులు ఇప్పుడే అడగాలి. కర్మాగారాలు వెలిసి, పనివారు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి కుదురుకున్నాక అడిగితే ప్రయోజనం వుండదు. తల్లిదండ్రులు కూడా పదవ తరగతి దాటిన పిల్లలను ఫిట్టరు, మెషినిస్టు, ఎలక్ట్రీషియన్ కోర్సులకు పంపడానికి చిన్నతనంగా భావించరాదు. మోటారు విప్పి చుట్టగల చేతికి ఈ కొత్త పని నేర్వటం పెద్ద కష్టం కాదు.