చెట్టు పేరు చెప్పే కల్లు

ఫ్రాన్సులోని బుర్గుండీలో ఒక్కో ద్రాక్షతోటకు హద్దు గీసి, ఆ తోట పేరునే వైను సీసా మీద వేస్తారు. 2015లో యునెస్కో ఆ తోటలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. నల్లగొండ గౌండ్లాయనకు ఇదేం వింత కాదు. పోతుతాడు కల్లు వేరు, పరుపుతాడు కల్లు వేరు. చెరువుకట్ట చెట్టుదొక రుచి, చెల్క గెట్టు మీది చెట్టుదొక రుచి. చెట్టుకు హద్దు గీయడానికి కొలతలు కావాలా? 1802లో మద్రాసు దగ్గర బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే 78వ రేఖాంశం పట్టుకుని పాలమూరు మీదుగానే ఉత్తరానికి పోయింది. గుంట భూమికీ సర్వే నంబరుంది, లొట్టికి మాత్రం లేదు! ఉండాలి. ఊరు, సర్వే నంబరు, చెట్టు రకం కల్లు కాంపౌండు పలక మీద రాయాలి. కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి అమ్మేవాడు ఏ చెట్టు పేరు రాస్తాడు?