ఓటు డబ్బు మీద ప్రమాణమా?



ఎన్నికలు వచ్చాయంటే మన పల్లెల్లో రాత్రిపూట కవర్లు తిరుగుతాయి. కొన్నిచోట్ల కవరుతో పాటు ప్రమాణం కూడా అడుగుతారు. కొందరిచేత దేవుడి పటం మీద, విశ్వాసులచేత బైబిలు మీద చెయ్యి వేయిస్తారు. తరువాత సంఘస్థులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, తీసుకున్నాం గదా, మాట తప్పితే పాపం కాదా?"

ఆ డబ్బు తీసుకోవడమే పాపమని, ఆ మాటకు మీరు కట్టుబడి ఉండనక్కరలేదని మేము గట్టిగా చెబుతున్నాము. లంచం అప్పు కాదు, తీర్చడానికి. ప్రమాణం చేశాను గదా అని హేరోదు బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. ఆ మాట నిలబెట్టుకున్నందుకు అతణ్ణి నీతిమంతుడని ఎవరైనా అన్నారా?

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 170వ సెక్షన్ ప్రకారం ఓటు కోసం డబ్బు ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ ఇద్దరూ నేరస్థులే. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫలానావారికి ఓటు వేయకపోతే దేవుని ఆగ్రహం వస్తుందని భయపెట్టడం 171వ సెక్షన్ కింద నేరం. ఆ మాట పాస్టరు అన్నా నేరమే.

"మన డబ్బే మనకిస్తున్నారు" అంటారు కొందరు. లెక్క వేయండి. మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. లక్షమందికి వెయ్యి చొప్పున పంచితే 10 కోట్లు. గెలిచినవాడు ఆ సొమ్ము ఎక్కడనుంచి రాబడతాడు? ఆ పోటీలో కూలివాని బిడ్డ నిలబడగలడా? రోడ్డు వేయమని అడిగితే "మీ ఓటుకు ఇచ్చేశాం గదా" అంటే ఏం జవాబు చెబుతాం? 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు కవరు అందలేదని ఓటర్లు రోడ్డెక్కారు. హక్కు అడగవలసిన నోరు లంచం అడిగే దశకు వచ్చాము.

సంఘ పెద్దలారా, మీకూ ఒక మాట. మందిరానికి స్లాబు వేయిస్తాం, మైకు సెట్టు కొనిస్తాం, సంఘం ఓట్లన్నీ మాకే అనేవారు వస్తారు. అదీ లంచమే. రేకుల కిందనే ఆరాధిద్దాం. ఆ బేరం మాత్రం వద్దు.

రాజు వెల ఇస్తానన్నా నాబోతు పితరుల స్వాస్థ్యాన్ని అమ్మలేదు. ఓటు మన పిల్లల స్వాస్థ్యం. ఈసారి కవరు వస్తే గుమ్మం దగ్గరే తిప్పి పంపుదాం. ఇంతకుముందే ప్రమాణం చేసినవారు భయపడవద్దు. ప్రభువు దగ్గర ఒప్పుకొని, మనస్సాక్షి చెప్పినవారికి ఓటు వేయండి. ఎవరికి వేశారో చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు.

ప్రభువు మనకు ఆ ధైర్యమిచ్చును గాక. ఆమేన్.