పెట్టె వచ్చింది, రసీదు ఏది?

నగరం, మామిడికుదురు, రాజోలు, మలికిపురం ఊళ్లలో గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన కుటుంబాలకు,

కువైట్ నుంచో మస్కట్ నుంచో మన ఆడబిడ్డ తిరిగొస్తుంది. విమానంలో పట్టినంత తెచ్చుకుని మిగతాది కార్గో వేస్తుంది. ఏళ్ల తరబడి కట్టిన బట్టలు, అక్కడి గదిలో వండుకున్న గిన్నెలు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, కప్పుకున్న దుప్పటి. కొన్నాళ్లకు ఫోను వస్తుంది: "మీ పెట్టె కస్టమ్స్‌లో ఆగిందమ్మా, డబ్బు పంపితేగాని వదలరంట." ఎంతకు ఎంత, దేనికెంత అని అడగం. పంపేస్తాం. పెట్టె ఇంటికొస్తుంది. రసీదు రాదు.

ఆ రసీదు కోసమే ఈ కరపత్రం.

వాడుకున్న సొంత సామానును సుంకం లేకుండా వదలడం ఎవరి దయా కాదు. 1962 కస్టమ్స్ చట్టం 79వ సెక్షనే అందుకు వీలిచ్చింది. దాని కింద వచ్చిన 2016 బ్యాగేజీ నిబంధనలు నిత్యావసరానికి వాడుకున్న వస్తువులకు మినహాయింపు ఇచ్చాయి, నగలకు మాత్రం లేదు. రెండేళ్లు, ఆపైన విదేశంలో ఉండి వచ్చేసినవారికి కొన్ని షరతులతో 5 లక్షల రూపాయల దాకా ఇంటి సామానుకూ వర్తింపజేశాయి. ఈ హద్దులు మారుతుంటాయి కాబట్టి పెట్టె వేసే నాటి లెక్క చూసుకోవాలి. మినహాయింపు దక్కకపోతే దెబ్బ చిన్నది కాదు. బ్యాగేజీ సుంకం సర్‌చార్జీతో కలిపి ఏళ్లుగా 38.5 శాతం ఉంటూ వచ్చింది. పాత చీరలకూ కుక్కరుకూ 20,000 విలువ కడితే 7,700 పోయినట్టే.

ఇక్కడొక మాట నిష్ఠూరమైనా చెప్పాలి. సీలు తీయని అత్తరు సీసాలు, కొత్త దుప్పట్లు, అట్టపెట్టెలో ఉన్న టీవీ "వాడిన సామాను" కావు. వాటిని పాతవాటి మధ్య దాచి పంపితే నిజంగా పాతవైన వాటినీ అధికారి నమ్మడు. కొత్తవాటి సుంకం కొత్తవాటికి కట్టేద్దాం.

గడువు సంగతి ఇంకో చిక్కు. 2016 నిబంధనల ప్రకారం మనిషి వచ్చిన నెలలోపు సామాను అక్కడ బయలుదేరాల్సి ఉండేది. 2018లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా (నివాస అనుమతి) లేనివాళ్లు చేతిసంచితో విమానమెక్కాల్సి వచ్చింది. గదిలో సామాను ఎవరు సర్దాలి, ఎప్పుడు పంపాలి? తగిన కారణం చూపితే గడువు పొడిగించే అధికారం ఆ నిబంధనల్లో అసిస్టెంట్ కమిషనర్‌కు ఉండేది. ఆ అర్జీ రాసిపెట్టే మనిషే మనకు లేడు.

డబ్బు ఇప్పటికే కట్టేశారా? కట్టేటప్పుడే "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాయించి ఉంటే మేలు. చట్టం 27వ సెక్షన్ కింద ఏడాదిలోపు వాపసు అడగాలి, అభ్యంతరంతో కట్టిన సొమ్ముకు ఆ ఏడాది హద్దు లేదు. కానీ ముందు అప్పీలు వేయాలి. సుంకం విధించిన ఉత్తర్వు మారకుండా వాపసు రాదని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉత్తర్వు చేతికందిన 60 రోజుల్లోపు కమిషనర్ (అప్పీల్స్)కు వేయాలి. వాపసు అర్జీ అందిన మూడు నెలల్లో డబ్బు ఇవ్వకపోతే వడ్డీ కూడా ఇవ్వాలి. ఇంతా చేసి, ఉత్తర్వే లేదు, రసీదు ఏజెంటు దగ్గర ఉండిపోయింది అంటే అంతా నీళ్లపాలు. "క్లియరెన్సు ఖర్చు" అని ఏజెంటు తీసుకున్నదాంట్లో సుంకమెంతో, అతని కూలి ఎంతో ఆ కాగితమే చెబుతుంది.

అందుకని అడుగుతున్నాం. సామాను యజమాని పేరు మీద కస్టమ్స్ రసీదు ఇస్తానని రాసివ్వని ఏజెంటుకు ఈ ఊళ్ల నుంచి ఒక్క పెట్టె కూడా వేయొద్దు. అక్కడున్న మీ వాళ్లకు ఈ రాత్రే ఫోను చేసి చెప్పండి. సచివాలయంలో అప్పీలుకు, వాపసుకు తెలుగులో అర్జీలు రాసిపెట్టే ఏర్పాటు కావాలి. కాకినాడ కస్టమ్స్ నుంచి నెలకో రోజు ఒక అధికారి రాజోలు వచ్చి కూర్చోవాలి. చదువు తక్కువైన అక్కను ముంబైకో చెన్నైకో పొమ్మనడం ఏం న్యాయం?

ఈ కోరికలను గ్రామసభ తీర్మానంగా చేయించాలంటే చేతిలో లెక్క ఉండాలి. ఏడాదిలోపు ఇలా డబ్బు కట్టినవారు పాస్‌పోర్టు, విమానం టికెట్టు, కార్గో చీటీ, డబ్బు పంపిన బ్యాంకు కాగితం తీసుకుని పంచాయతీ ఆఫీసుకు రండి. రసీదు లేనివాళ్లూ రండి, ముందు వాళ్ల పేర్లే రాద్దాం.