మన ఊరి వాన లెక్క మన ఊరిలోనే ఉండవలెను

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్సి., వ్యవసాయము)

శివరాత్రికి చలి “శివశివా” అని పోవునని మన పెద్దలు చెప్పుదురు. కాని కొన్ని ఏండ్లు అది పోదు. శతభిష కార్తె వచ్చినను తెల్లవారుజామున దుప్పటి తీయుటకు బుద్ధి పుట్టదు. ఆకాశమున మబ్బు తునకయైన కానరాదు. ఉత్తరపు గాలి పొడిగా వీచుచుండును. అట్టి దినములలో చేని గట్టున నిలిచి, పైకి చూచి, “ఈ చలి ఎప్పుడు పోవునో, ఒక్క చినుకు ఎప్పుడు పడునో” అని అనుకొనని రైతు ఉండడు.

రైతు సోదరులారా! ఆ సమయమున చూడవలసినది ఆకాశమును కాదు, గడచిన ఆరు మాసముల వాన లెక్కను. ఆ లెక్క మీ ఊరిలో ఉన్నదా? ఇదియే నేను మిమ్ములను అడుగదలచిన ప్రశ్న.

నేను నేర్చుకొన్న పాఠము

కొన్ని ఏండ్ల క్రిందట కర్నూలు జిల్లా పడమటి భాగమున పని చేయుచుండగా నేను ఒక పొరపాటు చేసితిని. చిత్త కార్తెలో మండల కేంద్రమున రెండంగుళముల వాన కురిసినది. అది పప్పుశనగ విత్తుటకు చాలిన పదునే. ఆ లెక్కను నమ్మి, పదమూడు కిలోమీటర్ల దూరమున ఉన్న ఒక గ్రామమునకు పోయి, “ఇక ఆలస్యము చేయకుడు, గొర్రు కట్టుడు” అని చెప్పితిని. రైతులు నా మాట విని విత్తిరి. మొలక పలుచగా వచ్చినది. చలిగాలి తగులగనే, పూత మీదనున్న పైరు దినదినమునకు వడలిపోయినది.

ఆ ఊరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన పెరటిలో ఒక డబ్బా పెట్టి వాన కొలిచి నోటు పుస్తకములో వ్రాసికొనుచుండెను. ఆ పుస్తకము ప్రకారము ఆ రాత్రి ఆ ఊరిలో కురిసినది అంగుళమునకు కూడ తక్కువ. అది చూపి ఒక వృద్ధ రైతు నన్నడిగెను: “అయ్యా, మీ లెక్కలో కురిసిన వాన మా చేనికి ఎందుకు రాలేదు?” నేను బదులు చెప్పలేకపోతిని. విత్తనము వెల, సేద్యపు ఖర్చు, ఒక ఏటి కష్టము, ఇవి అన్నియు ఆ ప్రశ్నలో ఉన్నవి. నేను ఆ పుస్తకమును ముందుగా అడిగి చూచినచో ఆ మాట వినవలసి వచ్చెడిది కాదు.

ఉరుముల వాన ఒక పొలములో కురిసి పక్క పొలములో కురియకపోవుట మీకు తెలియనిది కాదు. ఎద్దు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడియలేదని మనము నవ్వుకొనుచునే ఉందుము. ఐనను లెక్క వచ్చునప్పటికి మండలమంతటికి ఒక్క అంకె చాలునని ఊరకుండుచున్నాము.

చలి, పొడి ఎందుకు కలిసి వచ్చును?

పగలు నేల వేడెక్కి రాత్రి ఆ వేడిని ఆకాశమునకు విడుచును. మబ్బులున్న రాత్రి అవి దుప్పటివలె ఆ వేడిని ఆపును. మబ్బు లేక, గాలిలో తేమయు లేక ఉన్నప్పుడు వేడి అడ్డు లేకుండ పోవును. అందుచేత నిర్మలమైన రాత్రి చలి ఎక్కువ. ఆరిన నేల తడినేల కన్న త్వరగా వేడెక్కును, త్వరగా చల్లబడును. కావున పదును తక్కువైన చేనిలో పైరునకు రెండు బాధలు: పగలు దాహము, రాత్రి చలి.

అట్లని ఈ వాతావరణము అందరికి కీడు చేయునని తలపరాదు. మామిడి పూతకు చల్లని, పొడి దినములు కావలెను. మంచి పదును గల నల్లరేగడిలో ఆలస్యముగ విత్తిన పప్పుశనగకు చలి కొన్ని దినములు నిలిచిన గింజ నిండుగా కట్టును. కాని పగలు పొడిగాను, రాత్రి చల్లగా మంచు పడుచును ఉన్నప్పుడు మామిడి పూతపైనను, వరి కోసిన మాగాణిలోని మినుముపైనను బూడిద తెగులు వ్యాపించును. మామిడిలో లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరుగు గంధకము కలిపి తొలిదశలోనే చల్లుకొనవలెను. నువ్వు విత్తదలచినవారు నేలలో చలి తగ్గువరకు ఆగుట మేలు. ఒకే చలి ఒకనికి లాభము, ఒకనికి నష్టము. ఏది ఎవరికో నిర్ణయించునది చాలవరకు భూమిలో మిగిలిన తేమ.

నూటికి ఇంత అను లెక్కతో మోసపోరాదు

జనవరి, ఫిబ్రవరి మాసములలో మన ప్రాంతమున కురియు వాన స్వల్పము. ఒకచోట ఆ మాసపు సగటు 5 మిల్లీమీటర్లు అనుకొందము. ఒక్క మిల్లీమీటరే పడిన “నూటికి 80 లోటు” అని పత్రికలో వచ్చును. చదివినవాని గుండె గుభేలుమనును. కాని నిజముగా తగ్గినది 4 మిల్లీమీటర్లు మాత్రమే. అవి పడినను ఎండ రెండు దినములలో త్రాగివేయును. అటులే అకాలమున 20 మిల్లీమీటర్లు పడిన “నూటికి 300 ఎక్కువ” అందురు. ఆ వానకు మామిడి పూత రాలవచ్చును, కళ్ళములోని శనగ రంగు మారవచ్చును. ఆ అంకె చూచి ఎవరు సంతోషింతురు?

భారత వాతావరణ శాఖ నేడు వర్షపాత సగటులకు 1971 నుండి 2020 వరకు గల 50 ఏండ్ల లెక్కలను ఆధారముగ గైకొనుచున్నది. సగటుకు 19 శాతము అటు ఇటు వరకు మామూలు వానగా ఎంచుదురు. 20 నుండి 59 శాతము తగ్గిన లోటు అందురు. వానకాలమునకు ఈ కొలత మంచిదే. వసంతమున మాత్రము శాతములను విడిచి, ఉత్తర కార్తె నుండి స్వాతి కార్తె వరకు మీ పొలములో ఎన్ని మిల్లీమీటర్లు కురిసినవో చూడుడు. ఒక మీటరు లోతు గల మంచి నల్లరేగడి పైరునకు అందునట్టి నీటిని సుమారు 150 నుండి 200 మిల్లీమీటర్ల వరకు దాచుకొనగలదు. లోతు తక్కువైన ఎఱ్ఱ ఇసుక నేలలో అందులో సగము కూడ నిలుచుట కష్టము. కావున మీ పైరు ఇప్పుడు త్రాగుచున్నది ఈనాటి వాన కాదు, ఆనాడు నేలలో నిలువ చేసిన వాన.

లెక్కను చూచి ఏమి చేయవలెను?

ఆ కార్తెలలో వాన బాగుగ కురిసి నేల లోతుగా నానియుండిన, చలిపొడికి బెదరి పప్పుశనగకు నీరు పెట్టనక్కరలేదు. వాన తక్కువని లెక్క చెప్పిన, గింజ కట్టు దశలో, అనగా విత్తిన 55, 60 దినములకు, తుంపరలతో ఒక్క పలుచని తడి ఇచ్చుట ఉత్తమము. నీరు లేనివారు సాళ్ళ మధ్య పైపైన అంతరకృషి చేసి నెఱ్ఱెలు పూడ్చిన కొంత తేమ దక్కును. పుస్తకముతో పాటు పారయు ఉండవలెను. మూరెడు లోతు త్రవ్వి, మన్ను పిడికిట పట్టి చూచి లెక్కను సరిచూచుకొనుడు.

బోరుబావులు గలవారికి ఈ లెక్క మరింత ముఖ్యము. వేసవి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. వేరుశనగకు అందులో సగముతో సరిపోవును. వానలు లోటుగ కురిసిన ఏట చలి దినములలో బోరు నిండుగ పోయుట చూచి వరి నాటినవారు, చైత్రమున అది గాలి పోయుట చూచి తల పట్టుకొనుట నేను ఎరుగుదును. మరియొక బోరు వేయుటకు అప్పు చేయుట అక్కడనే మొదలగును.

కొలుచుట కష్టము కాదు

అడుగు, మూతి ఒకే వెడల్పుగ, నిటారుగ ఉన్న డబ్బా ఏదైనను పనికివచ్చును. అందులో నిలిచిన నీటి లోతు ఎన్ని మిల్లీమీటర్లో అదియే వాన. దానిని మూతి నేలకు ఒక అడుగు ఎత్తున ఉండునట్లు బయలునందు కదలకుండ నిలుపవలెను. చెట్టుగాని, గోడగాని ఎంత ఎత్తున్నదో దానికి రెండింతల దూరమున ఉండవలెను. ప్రతి దినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కొలిచి, తేదీ, కార్తె, మిల్లీమీటర్లు వ్రాసి, నీరు పారబోయవలెను. ఒక మిల్లీమీటరు వాన అనగా ఎకరమునకు సుమారు 4,000 లీటర్ల నీరు. ఇరువదియైదు మిల్లీమీటర్లైన లక్ష లీటర్లు.

ఒక్క నియమము మరువకుడు. వాన పడని దినమున గడిని ఖాళీగ విడువక సున్న వ్రాయుడు. ఖాళీ గడి చూచినవానికి వాన పడలేదో, కొలుచువాడు మరచెనో తెలియదు. సున్న కూడ ఒక లెక్కయే. వానలేమి ఎన్నినాళ్ళు సాగినదో చెప్పునవి ఆ సున్నలే. 2.5 మిల్లీమీటర్లు, అంతకు పైన పడిన దినమునే వాన దినముగ ఎంచుదురు.

“పుస్తకములో వ్రాసినంత మాత్రమున వాన కురియునా?” అని కొందరందురు. పాలు కొలిచినంత మాత్రమున గేదె ఎక్కువ ఇచ్చునా? ఐనను కొలువకుండ ఎవరును అమ్మరు గదా!

గ్రామాధికారులకు ఒక మనవి

ఒకప్పుడు తాలూకా కచ్చేరిలో వానమాపకము ఉండెడిది. గ్రామపు లెక్కలు కరణము వద్ద ఉండెడివి. 1984లో ఆ ఉద్యోగములు పోయినవి. నేడు తమంతట తామే వాన కొలిచి పంపు యంత్రములు వచ్చినవి. అవి అవసరమే. 2016 నాటి కరవు నిర్వహణ నియమావళిలో మొదట చూచునది వర్షపాతము. తరువాతనే పైరు, నేలలోని తేమ, భూగర్భజలము మొదలగునవి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారమును నిర్ణయించునది నిర్దేశించిన కేంద్రపు లెక్కయే. మీ నోటు పుస్తకమునకు ఆ అధికారము లేదని నేను దాచను. కాని మండలపు లెక్కకును మీ ఊరి లెక్కకును భేదము కనబడినప్పుడు, పైరు ఎండక మునుపే తేదీలతో సహా అడుగుటకు మీకు ఆధారము ఉండును. “మా ఊరిలో వానలు లేవండీ” అను మాట ఒకటి, “స్వాతి తరువాత తొంబది దినములు సున్న” అను మాట ఒకటి. రెండవదానిని త్రోసిపుచ్చుట ఏ అధికారికైనను సులభము కాదు. కావున గ్రామ రెవెన్యూ అధికారులు, వ్యవసాయ సహాయకులు, ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకొనవలెనని నా మనవి. పాఠశాల ఆవరణ దీనికి తగిన చోటు.

త్వరలో ఉగాది రానున్నది. రచ్చబండ వద్ద పంచాంగ శ్రవణము జరుగును. ఈ ఏడు ఎన్ని ఆఢకముల వానయో పురోహితుడు చదువగా అందరును చెవియొగ్గి విందురు. విననిండు. అది ముగిసిన పిదప, మరుసటి ఉగాదికి మీ ఊరి వాన పుస్తకమును కూడ అదే బండ మీద తెరచి, గడచిన ఏట ఏ కార్తెలో ఎంత కురిసినదో, ఎన్ని సున్నలు వరుసగ పడినవో బిగ్గరగ చదువుడు. అందుకు కావలసిన డబ్బా, నోటు పుస్తకము ఈ ఉగాది నాడే తెచ్చి పెట్టుడు.