గుండె పేరు చెప్పి గ్లాసు నింపొద్దు!

పండక్కి విదేశాల నుంచి వచ్చే పిల్లలు కొందరు చాక్లెట్లతో పాటు రెడ్ వైన్ సీసా కూడా తెస్తున్నారు. 'నాన్నా, ఇది స్పెయిన్‌ది. గుండెకు మంచిదట. రోజూ రాత్రి భోజనంతో ఒక గ్లాసు తీసుకో' అంటున్నారు. అప్పటికే బీపీ, షుగర్ మాత్రలు వేసుకుంటున్న పెద్దాయనకు అది మరో మందులా కనిపిస్తుంది. మీ ఇంట్లోనూ అలాంటి సీసా ఉంటే ఈ నాలుగు మాటలు చదవండి.

స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు వైన్‌కు పెద్ద పేరే ఉంది. టెంప్రనియో అనే నల్లద్రాక్షతో చేసి, ఓక్ పీపాల్లో నిల్వ ఉంచుతారు. దాని వగరు మాంసంలోని కొవ్వు, ప్రొటీన్లతో కలిస్తే మెత్తబడుతుంది. అందుకే అక్కడ కాల్చిన గొర్రెమాంసం, గొర్రెపాల చీజ్, ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసంతో తాగుతారు. మన కారం వేపుడుతో అయితే ఆల్కహాల్ నోటి మంటను ఇంకా పెంచుతుంది. రుచి మాట ఎలా ఉన్నా, ఆ పళ్లెంలో ఉన్నవి ఉప్పు, కొవ్వు. గుండె జబ్బున్నవాళ్లను తగ్గించమని డాక్టర్లు చెప్పేవీ అవే.

మరి స్పెయిన్‌వాళ్ల గుండెను కాపాడుతున్నదేమిటి? ఆ దేశంలోనే ముప్పు ఎక్కువగా ఉన్న ఏడు వేల మందికి పైగా పరిశీలించిన 'ప్రెడిమెడ్' అధ్యయనం 2013లో వెలువడింది. లోపాలు సరిదిద్ది 2018లో మళ్లీ ప్రచురించారు. అందులో పరీక్షించింది వైన్‌ను కాదు. ఆలివ్ నూనె, గింజలు ఎక్కువగా ఉండే భోజనాన్ని. గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తగ్గాయి. అలవాటున్నవాళ్లకు భోజనంతో వైన్ వద్దనలేదు. కానీ అలవాటు లేనివాళ్లను మొదలుపెట్టమనీ చెప్పలేదు.

'వైన్‌లో రెస్వెరట్రాల్ ఉందిగా' అంటారు. ఉంది, లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు. అది ద్రాక్ష తొక్కలోనూ, వేరుశనగలోనూ ఉంటుంది. అనకాపల్లి వాళ్లకు ఈ తిరకాసు కొత్తేమీ కాదు. 'పంచదార వద్దన్నారు, బెల్లం పర్వాలేదు, ఐరన్ ఉంటుంది' అని సర్దిచెప్పుకునే షుగర్ రోగులు మన చుట్టూ ఎందరు లేరు! మన బెల్లం ఎంత పేరున్నదైనా అందులో ఎక్కువ భాగం చక్కెరే. ఒక మంచి గుణం ఉన్నంత మాత్రాన ఏ పదార్థమూ మందైపోదు.

150 మిల్లీలీటర్ల వైన్‌లో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఖరీదైన సీసాలోదైనా, చౌక సీసాలోదైనా కాలేయానికి ఒకటే. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

షుగర్‌కు గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి అసలు ప్రమాదం రాత్రిపూట. ఆల్కహాల్ కాలేయం నుంచి గ్లూకోజు విడుదల కాకుండా అడ్డుపడుతుంది. నిద్రలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, మాట ముద్దగా రావటం చూసి ఇంట్లోవాళ్లు 'మత్తులే, పడుకోనీ' అనుకుంటారు. అలా వదిలేస్తే ప్రాణం మీదికి రావొచ్చు. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి.

స్పెయిన్ నుంచి తెచ్చుకోవాల్సింది సీసా కాదు, పళ్లెం. దానికి సరిపడా సరుకు మన దగ్గరే ఉంది. పూడిమడక చేపల పులుసు, ఉలవలు, చోడి అంబలి, గుప్పెడు ఉప్పులేని వేరుశనగ గుళ్లు, ఆకుకూరలు. షుగర్ ఉన్నవాళ్లు అంబలి కూడా కొలతగానే తాగాలి. వైన్ అలవాటు లేకపోతే ఆరోగ్యం కోసమని మొదలుపెట్టకండి. ఇప్పటికే రోజూ మద్యం తాగుతున్నవారు ఉన్నట్టుండి మానేయకుండా డాక్టరు సలహాతో మానండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రల చీటీతో పాటు గ్లాసు సంగతీ దాచకుండా చెప్పండి.